నాలుగో మూల పువ్వు

నాకు వంకర కుట్టు కనిపిస్తే చూస్తూ ఊరుకోలేను. గొప్పకి చెప్పడం లేదు, ఉన్న జబ్బు చెప్పుకున్నట్టే చెబుతున్నాను. ఎవరింటికైనా వెళ్తే అందరూ మనుషుల్ని పలకరిస్తారు, నేను ముందు దిండుగలీబుల్ని పలకరిస్తాను. ఒకసారి బస్సులో నా ముందు సీట్లో కూర్చున్నావిడ కాలరు మీద దారం లేచి ఉంటే నాలుగు స్టాపులు ఓర్చుకుని, ఐదో స్టాపులో కత్తెర తీసి కత్తిరించేశాను. ఆవిడ అరిచిన అరుపుకి డ్రైవరు బ్రేకు వేశాడు. దారం చూపించి సర్దిచెప్పబోయాను. ఆవిడకి దారం కనిపించలేదు, కత్తెర కనిపించింది.

ఇరవై రెండేళ్ళుగా ఎంబ్రాయిడరీ షాపు నడుపుతున్నాను. నా దగ్గర ఇద్దరమ్మాయిలు పనిచేస్తారు. తప్పు కుట్టు గుమ్మం దాటకూడదన్నది మా పద్ధతి. ఎవరు కుట్టినా సరే, గుడ్డ తిరగేసి చూస్తాను, నచ్చకపోతే అక్కడికక్కడే విప్పేస్తాను. మొదట్లో ఆ అమ్మాయిలు కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు. ఇప్పుడు నేను కత్తెర అందుకుంటే చాలు, టీ తాగడానికి లేచిపోతున్నారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన పని దొంగబుద్ధితో చేసింది కాదని మీకు తెలియాలి. మంచిపని చేస్తున్నానన్న ధీమాతో చేశాను. ఆ ధీమా తలుచుకుంటేనే ఇప్పుడు ఒళ్ళు చచ్చిపోతోంది.

మా షాపుకి ఎదురుగా పాత సామాన్ల కొట్టు ఉంది. దాని యజమానిని వీధంతా పింగాణీ బాబాయి అంటుంది. ఆయన పాత ప్లేటుని గోటితో టంగుమని కొట్టి, చప్పుడు విని దాని వయసు చెప్పేస్తాడు. ఆడవాళ్ళ వయసు మాత్రం ఎప్పుడూ పదేళ్ళు తగ్గించే చెబుతాడు కాబట్టి ఆయన కొట్టుకి బేరాలకి లోటు లేదు. చలి తగ్గి, చెట్లు చిగుళ్ళు వేసే రోజుల్లో ఏటా తన కొట్టు అద్దాల కిటికీలో ఒక భోజనాల బల్ల వేసి, పాత ప్లేట్లూ గ్లాసులూ పూలూ సర్ది పదిరోజులు ఉంచుతాడు. దారినపోయేవాళ్ళందరూ ఆగి చూస్తారు.

ఈ ఏడు నా దగ్గరికి వచ్చి, "అమ్మాయ్, బల్ల నాది, ప్లేట్లు నావి. గుడ్డలు నువ్వు పెట్టు. నీ షాపు పేరు కూడా రాసి పక్కన నిలబెడతాను," అన్నాడు.

"కొత్తవి కుట్టి ఇవ్వనా బాబాయ్?"

"కొత్తవి ఎవరిక్కావాలి? నా ప్లేట్లు మీ అమ్మమ్మ కాలంవి. గుడ్డ కూడా ఆ కాలందే ఉండాలి. మీ ఇంట్లో ఒకటుందిగా? మీ నాన్న నాకు బోర్డు రాసేటప్పుడు దాని గురించి ఒకటే చెప్పుకునేవాడు."

ఉంది. మా అమ్మమ్మ కుట్టిన బల్లగుడ్డ, దానికి జతగా ఆరు చేతిరుమాళ్ళు. దళసరి తెల్లటి నూలుగుడ్డ, ఏళ్ళు గడిచి మీగడ రంగుకి తిరిగింది. అంచు పొడుగునా ఆకుపచ్చ తీగ, మూలమూలకీ అరచేతంత గులాబీరంగు పువ్వు, ఒక్కో పువ్వుకి ఆరు రేకులు. అయితే అమ్మమ్మ మూడు మూలల్లోనే పువ్వులు కుట్టింది. నాలుగో మూలలో నీలిరంగు గీతలతో పువ్వు గీసిపెట్టింది గాని సూది పెట్టలేదు. ఎందుకు ఆపేసిందని అడిగితే అమ్మ ఒకసారి చూపు తగ్గిందని చెప్పేది, ఒకసారి దారం అయిపోయిందని చెప్పేది. చిన్నప్పుడు ఆ గుడ్డ పరిచిన రోజున ఖాళీ పువ్వు ముందు కుర్చీ నాదే. అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా నీలిగీతల మీద వేలు తిప్పుతూ, ఇది నేనే కుడతాను అనుకునేదాన్ని. పెద్దయ్యాక రెండుమూడుసార్లు అడిగాను కూడా. చూద్దాంలే అనేది అమ్మ.

అమ్మ మా చెల్లి దగ్గర ఉంటుంది. బస్సులో ఇరవై నిమిషాల దూరం. నాన్న పోయి రెండేళ్ళయింది. ఆయన పోయేముందు ఏడాది పక్షవాతంతో ఉన్నదీ ఆ ఇంట్లోనే.

నేను వెళ్ళి అడగ్గానే అమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. గుడ్డ తనే ఇస్త్రీ చేసి, మడతపెట్టి, సంచిలో పెట్టింది.

"ఉతకొద్దు. ఏ మూలా లోపలికి మడవొద్దు. నాలుగు మూలలూ వీధిలోవాళ్ళకి కనిపించాలి."

"బల్లకి నాలుగు మూలలూ వీధివైపు ఎలా వస్తాయమ్మా?"

"అయితే ఈ మూల కనిపించేలా పెట్టు," అంది మడతలో వేలు పెట్టి చూపిస్తూ.

సరిగ్గా అప్పుడే షాపు నుంచి ఫోను వచ్చింది. ఏదో గౌను తాలూకు కొలతలు తారుమారయ్యాయట. అమ్మ ఏ మూల చూపించిందో నేను చూడలేదు. ఫోను చెవికి పెట్టుకునే "సరే సరే" అన్నాను. "దాని గురించి ఒక మాట చెప్పాలి నీకు," అంది. "తర్వాతమ్మా, బస్సు పోతుంది," అన్నాను. "పోనీలే, కిటికీ చూడ్డానికి వచ్చినప్పుడే చెబుతా," అని నవ్వింది. ఆ నవ్వు నాకు గుర్తుంది. పుట్టినరోజుకి ఏదో దాచిపెట్టిన పిల్లలా నవ్వింది.

ఆదివారం మధ్యాహ్నం షాపు మూసి, ఒక్కదాన్నే కూర్చుని గుడ్డ పరిచాను. మూడు మూలలూ చూసి అమ్మమ్మ చేతికి దణ్ణం పెట్టుకున్నాను. నాలుగో మూల విప్పేసరికి నా కళ్ళు నేనే నమ్మలేకపోయాను. ఖాళీగా ఉండాల్సిన చోట ఎవరో కుట్టిన పువ్వు ఉంది. పువ్వు అంటే మర్యాదకి అంటున్నాను. ఒక కుట్టు గోరంత, పక్కది వేలంత. ఒక రేకు బిగుసుకుపోయి గుడ్డ ముడతలు పడింది, ఇంకో రేకు వదులై దారం వేలాడుతోంది. కొన్నిచోట్ల ఒకే కన్నంలోంచి మూడుసార్లు సూది దూర్చారు. ఆరో రేకు సగంలోనే వదిలేశారు. అన్నిటికంటే ఘోరం, దారం ముడి పైకే ఉంది. కుట్టు నేర్చుకునే పిల్లకి మొదటిరోజు చెప్పే మాట, ముడి అడుగున ఉండాలని.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకెవరు, మా చెల్లి కూతురే అనుకున్నాను. పదేళ్ళ పిల్ల, సెలవుల్లో తోచక మా అమ్మ పెట్టె తెరిచి ఉంటుంది. మా చెల్లి సంగతి తెలిసిందేగా, పిల్ల గోడ పగలగొట్టినా ఎంత బాగా పగలగొట్టావమ్మా అంటుంది. అరవై ఏళ్ళ నాటి గుడ్డని పిల్ల చేతికిస్తారా ఎవరైనా? వీధిలో అందరికీ కనిపించే కిటికీలో, నా షాపు పేరు పక్కన, ఈ పువ్వా? ఊహించుకుంటేనే సిగ్గేసింది. అవును, ఆరోజు నాకు సిగ్గనిపించింది ఆ పువ్వుని చూసి.

ఫోను చేసి ఒక్కమాట అడగొచ్చు. అడిగితే మా చెల్లి, పోనీలే అక్కా చిన్నపిల్ల, ఉండనీ అంటుందని తెలుసు. అందుకే అడగలేదు.

విప్పడానికి రెండు గంటలు పట్టింది. మామూలుగా పిల్లల కుట్లు చిటికెలో ఊడివస్తాయి. ఇవి అలా రాలేదు. ఒక్కో కుట్టు కిందా సూది దూర్చి, లేపి, కత్తిరించి, చిన్న పట్టకారుతో లాగాల్సివచ్చింది. ఎంతైనా ఈ పిల్లకి పట్టుదల మాత్రం ఉంది అని కూడా అనుకున్నాను. అనుకుంటూనే విప్పాను. తర్వాత గుడ్డ తడిచేసి, మిగిలిన కన్నాల్ని గోటితో నిలువునా అడ్డంగా రుద్ది, పోగులు దగ్గరికి చేర్చి, తిరగేసి ఇస్త్రీ చేశాను. ఈ పనిలో నన్ను మించినవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు. అక్కడ ఇంతకుముందు సూది దిగిందని నేనే చెప్పలేనంత శుభ్రంగా వచ్చింది. నేల ఊడ్చి, దారం ముక్కలన్నీ చెత్తబుట్టలో పారేశాను.

సోమవారమంతా కూర్చుని పువ్వు కుట్టాను. మిగతా మూడు పువ్వుల రంగు వెలిసిపోయింది కదా, దానికి సరిపడే దారం కోసం నా పాత లడీలన్నీ తిరగేశాను. ఆరు రేకులూ నిండు కుట్టు, చుట్టూ కాడ కుట్టు, మధ్యలో చిన్న చిన్న ముడులు. పూర్తయ్యాక నాలుగు మూలలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది అమ్మమ్మదో ఏది నాదో తెలియలేదు. నా పని చూసి నేనే మురిసిపోయాను. అమ్మ చూసి ఏమంటుందో ఊహించుకున్నాను. అమ్మ ఎప్పుడూ నా కుట్టు బాగుందని అనలేదు. బాగుంటుందని తెలిసినప్పుడు చెప్పడం దేనికి అనుకుంటుందో ఏమో. ఈసారి అనకుండా ఉండలేదని నా నమ్మకం.

మంగళవారం పొద్దున్నే పింగాణీ బాబాయి కొట్టులో బల్ల సర్దడం మొదలుపెట్టాం. కిటికీకి పరదా వేసి ఉంది. పదకొండింటికి తియ్యాలని అనుకున్నాం. గుడ్డ పరిచి, నా పువ్వున్న మూల సరిగ్గా అద్దం వైపు వచ్చేలా తిప్పాను. బాబాయి ప్లేట్లు ఒక్కొక్కటే పసిపిల్లల్ని ఎత్తుకొచ్చినట్టు తెచ్చాడు. నీలం అంచువి ఐదు, ఆరోది పచ్చ అంచుది.

"ఇదేంటి బాబాయ్, జత కుదరలేదు."

"ఐదే దొరికాయి. ఆరోవాడు పస్తుండాలా?"

"గోడవైపు పెట్టండి, కనిపించదు."

"కనిపిస్తే ఏమవుతుందమ్మాయ్? ప్లేటు సిగ్గుపడుతుందా?" అని నవ్వి, పచ్చ ప్లేటుని అందరికీ కనిపించేచోటే పెట్టాడు. నేను వెళ్ళి జరిపాను. ఆయన మళ్ళీ వెనక్కి జరిపాడు. ఆఖరికి ఆయన కొట్టు కదా అని ఊరుకున్నాను.

పొడుగు కాడల గ్లాసులు పెట్టాం. చెంచాలు మెరిసేదాకా తుడిచాం. రుమాళ్ళు పువ్వు పైకి వచ్చేలా మూడు మడతలు పెట్టి ప్లేట్లలో ఉంచాను. కొనదగ్గర చిట్లిన టీపాటులో నీళ్ళుపోసి పసుపుపచ్చటి చిన్న పూలు గుచ్చాను. మధ్యలో మూతున్న పెద్ద సూపు గిన్నె. నాకు తెలియకుండానే కూనిరాగం తీస్తున్నాను.

పదింటికి మా చెల్లి వచ్చింది, చేతినిండా లేతచిగుళ్ళ కొమ్మలతో. అది ఆసుపత్రిలో చీటీలు రాసే చోట పనిచేస్తుంది. ఇందుకోసం సెలవు పెట్టింది.

"అమ్మ పదకొండింటికి వస్తుందక్కా. పొద్దున్న ఐదింటికే లేచి తయారైపోయింది. కళ్ళజోడు మూడుసార్లు తుడుచుకుంది. ఆ మూల అద్దం వైపే పెట్టావుగా?" అంటూ కొమ్మలు కింద పెట్టి బల్ల దగ్గరికి వచ్చింది. వచ్చి అలాగే నిలబడిపోయింది.

"నాన్న పువ్వేది?" అంది.

"ఏ నాన్న పువ్వు?"

"ఇక్కడ ఉండాలి. నాన్న కుట్టిన పువ్వు. ఇదేంటి? ఇది నాన్నది కాదు."

"నాన్న కుట్టడమేంటే? నీ కూతురు కెలికిపెట్టింది ఉంటే విప్పి, నేను మళ్ళీ..."

దాని మొహంలోకి చూసి ఆపేశాను. అది కుర్చీలో కూలబడింది. పింగాణీ బాబాయి గ్లాసు తుడుస్తున్నవాడల్లా ఆపి, చప్పుడు చెయ్యకుండా లోపలిగదిలోకి వెళ్ళిపోయాడు.

మా నాన్న బోర్డులు రాసేవాడు. ఈ వీధిలో సగం కొట్లకి అక్షరాలు ఆయనవే. స్కేలు లేకుండా గీత గీస్తే దారం లాగి పట్టినట్టు వచ్చేది. నా వంకర జబ్బు ఆయన దగ్గర్నుంచే వచ్చిందని అందరూ అంటారు. పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. అదంతా నాకు తెలుసు. తర్వాత సంగతి చెల్లి చెప్పింది.

"ఎడమచేతికి పని చెప్పకపోతే అది కూడా మొద్దుబారిపోతుందన్నాడు డాక్టరు. రబ్బరు బంతి ఇచ్చి నొక్కమన్నారు, విసిరేశాడు. కుంచె ఇస్తే పట్టుకుని ఏడ్చాడు. అప్పుడు అమ్మ సూది ఇచ్చింది. ముందు పాతగుడ్డ ముక్క ఇచ్చింది అక్కా. పనికిరాని గుడ్డ మీద కుట్టడానికి నేనేం పసిపిల్లాణ్ణా అన్నాడు. అప్పుడు అమ్మ పెట్టె తీసి ఇది తెచ్చింది. మా అమ్మ వదిలేసిన పువ్వుంది, మీరు పూర్తిచెయ్యండి అంది."

నేను కుట్టిన పువ్వు మీంచి చూపు తిప్పుకున్నాను.

"అమ్మ గుడ్డ బిగించిన రింగు పట్టుకునేది, నాన్న సూది గుచ్చేవాడు. రోజుకి రెండు కుట్లు. మంచిరోజైతే మూడు. తొమ్మిది నెలలు. ఆరో రేకు సగంలో ఉండగా..." చెల్లి ముక్కు చీదుకుంది. "ముడి పైకి వచ్చిందని అమ్మ అంటే, ఉండనీ, అది నా సంతకం అన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వెప్పుడున్నావక్కా?"

నిష్ఠూరంగా కూడా అనలేదది. ఆసుపత్రిలో వయసెంత అని అడిగినట్టు అడిగింది. నేను లెక్కవేసుకున్నాను. ఆ ఏడాది మొత్తం నాలుగుసార్లు వెళ్ళాను. నాలుగుసార్లూ కుర్చీ అంచున కూర్చుని, సంచి ఒళ్ళోనే పెట్టుకుని, షాపులో పని ఉందంటూ లేచొచ్చేశాను. నేను గదిలోకి అడుగుపెట్టగానే నాన్న ఎడమచేత్తో దుప్పటి ఒళ్ళోకి లాక్కునేవాడు. చలేస్తోందేమో అనుకుని ఒకసారి నేనే లేచి కిటికీ మూశాను కూడా. ఎంత తెలివైనదాన్నో చూడండి. దుప్పటి కింద ఆయన రింగు దాచుకుంటుంటే నేను కిటికీ మూశాను.

రోడ్డు దాటి నా షాపులోకి పరిగెత్తాను. చెత్తబుట్ట ఖాళీగా ఉంది. చెత్తబండి పొద్దున్నే వచ్చి వెళ్ళిపోయిందని అమ్మాయిలు చెప్పారు. బల్ల కిందా, కుట్టుమిషను వెనకా, ఇస్త్రీ దుప్పటి మడతల్లో, చాప అంచున మోకాళ్ళ మీద పాకుతూ వెతికాను. ఏం పోయింది మేడం అని వాళ్ళు అడుగుతున్నారు. దారం అని చెప్పడానికి నోరు రాలేదు. ఒక్క ముక్క దొరకలేదు. అంత శుభ్రంగా ఊడ్చే మనిషిని నేను.

తిరిగి వచ్చేటప్పుడు సూదీ గులాబీరంగు దారం తెచ్చాను.

"ఏం చేస్తావు?" అంది చెల్లి.

"నాది విప్పేసి ఎడమచేత్తో కుడతాను. ఇంకా ముప్పావుగంట ఉంది. దూరం నుంచి అమ్మకి తెలియదు."

"నాన్న సంతకం నువ్వు పెడతావా?"

నా చెయ్యి ఆగిపోయింది. ఛీ అని ఎవరో మొహం మీద అన్నా అంత తగిలేది కాదు. దారం సంచిలో పెట్టేసుకున్నాను. నేను మంచిదాన్ని కాబట్టి మానుకోలేదు. చెల్లి చూస్తోంది కాబట్టి మానుకున్నాను. అది లేకపోతే కుట్టేసి ఉండేదాన్ని, అమ్మని నమ్మించేసి ఉండేదాన్ని.

"రాగానే చెప్పెయ్యక్కా," అంది చెల్లి.

"చెబుతాను. ఇక్కడ కాదు. ఇంటికి తీసుకెళ్ళి నెమ్మదిగా చెబుతాను. ఇవాళ ఒక్కరోజు సంతోషంగా చూసి వెళ్ళనీ."

సంతోషంగా ఏం చూస్తుందని చెల్లి అడగలేదు. నేను మధ్యలో ఉన్న సూపు గిన్నె ఎత్తి, నాలుగో మూల మీద పెట్టాను. పువ్వు మొత్తం కప్పబడిపోయింది. లోపల్నుంచి వచ్చిన బాబాయి అది చూసి, "అమ్మాయ్, మూలకి పెడితే జారి పడుతుంది, ముక్కలైపోతుంది," అన్నాడు. "పడితే పడనివ్వండి," అని ఆయన మీద ఒంటికాలి మీద లేచాను. పాపం ఆయన వెళ్ళి పరదా తీశాడు.

పరదా తొలిగేసరికి అమ్మ అద్దం బయటే ఉంది.

ఎప్పుడొచ్చిందో ఏమో. మంచి బట్టలు కట్టుకుంది, జుట్టు నున్నగా దువ్వుకుంది. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని, ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరగా నిలబడింది. పక్కన అప్పుడే నలుగురైదుగురు పోగయ్యారు. అమ్మ ప్లేట్లు చూడలేదు, పూలు చూడలేదు. ఒక మూల చూసింది, రెండో మూల చూసింది. సూపు గిన్నె దగ్గర ఆగింది. లోపలున్న నన్ను చూసి నవ్వి, చేత్తో సైగ చేసింది. ఆ గిన్నె పక్కకి జరుపు అని.

అర్థంకానట్టు తల ఊపాను. మళ్ళీ సైగ చేసింది, ఈసారి ఇంకాస్త పెద్దగా. నాలుగు మాటలేవో అంటోంది, అద్దంలోంచి వినిపించడం లేదు. పక్కనున్న ఒకావిడతో ఏదో చెబుతూ ఆ మూల వైపే వేలు చూపిస్తోంది. ఇంకాసేపు ఆగండి, అసలుది ఆ గిన్నె కింద ఉంది అని చెబుతున్నట్టుంది. చెల్లి తల దించుకుని కొమ్మల ఆకులు గిల్లుతోంది. నా వల్ల కాదనుకున్నాను. ఎలా వెళ్ళానో తెలియదు, వెళ్ళి గిన్నె ఎత్తాను.

అమ్మ చూసింది. నవ్వు వెంటనే పోలేదు. కాసేపు అలాగే మొహం మీద ఉండిపోయింది, ఎవరూ లేని ఇంట్లో దీపంలాగా. కళ్ళజోడు తీసి పమిటతో తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూసింది. పక్కావిడతో ఇంకేమీ మాట్లాడలేదు. మెల్లిగా చుట్టూ తిరిగి గుమ్మంలోంచి లోపలికి వచ్చింది.

నేను గిన్నె పట్టుకునే నిలబడి ఉన్నాను. అమ్మ మూల దగ్గరికి వచ్చి, పువ్వు మీద అరచెయ్యి పరిచింది. వేళ్ళతో రేకు రేకూ తడిమింది. అంచు పైకెత్తి తిరగేసి అడుగు చూసింది. నేను అమ్మాయిల కుట్లు ఎలా చూస్తానో సరిగ్గా అలాగే.

"విప్పావా?" అంది.

"విప్పాను."

"దారం?"

"పారేశాను. నాకు తెలియదమ్మా. పిల్ల కుట్టిందనుకున్నాను. నిన్ను అడగాల్సింది. అడగలేదు. తప్పయిపోయింది." ఇంకా ఏవేవో అన్నాను. ఏ మాట అన్నా దాని అడుగున నా గొప్పే కనిపిస్తోంది నాకు. ఆఖరికి నోరుమూసుకున్నాను.

అమ్మ గుడ్డ అంచు కిందికి వదిలి, ముడత పడకుండా సవరించింది.

"బాగా కుట్టావే," అంది.

నలభై ఎనిమిదేళ్ళుగా ఎదురుచూసిన మాట. అది విన్నాక నాకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

"తిట్టమ్మా," అన్నాను.

"తిట్టడానికేముంది? నీకు తెలియదుగా. నేనే చెప్పలేదు." కుర్చీ లాక్కుని కూర్చుంది. గొంతు మామూలుగానే ఉంది. "మూడో రేకు అయినప్పుడు అనుకుంటా. ఎంత బాగా వచ్చిందో చూడండి, ఈసారి పెద్దమ్మాయి వస్తే చూపిద్దాం అన్నాను. మాట సరిగా వచ్చేది కాదు కదా ఆయనకి. వద్దు, విప్పేస్తుంది అన్నారు. నేను పడీపడీ నవ్వాను. ఆయన నవ్వలేదు."

చెల్లి ఇటు తిరిగింది. ఈ మాట దానికీ తెలియదని దాని మొహం చూస్తే తెలిసింది.

"ఎందుకు విప్పుతుందండీ, మీదని తెలిస్తే కళ్ళకద్దుకుంటుంది అన్నాను. ఆయన వినలేదు. నువ్వు వచ్చిన ప్రతిసారీ దాచెయ్యమనేవారు. పోయాక కూడా ఆ మాట నాకు ముల్లులా ఉండిపోయింది. కన్నకూతురి గురించి అలా అనుకుని వెళ్ళిపోయారే అని. అందుకే ఇవాళ..." అమ్మ ఆగింది. "ఈ వీధిలో అందరి ముందూ నీ చేత్తోనే పెట్టించి, చూశారా, మీరే పొరపాటు పడ్డారని ఆయనకి చెప్పుకుందామనుకున్నాను."

నా చేతిలో సూపు గిన్నె ఎంత బరువుందంటే, బాబాయి వచ్చి నా వేళ్ళు విడదీసి తీసుకోవాల్సివచ్చింది.

ఇంతలో బయట అమ్మ పక్కన నిలబడ్డావిడ లోపలికి తొంగిచూసింది. బల్లంతా కలయజూసి, తిన్నగా ఆ మూల దగ్గరికే వచ్చి, వంగి చూసి, "అబ్బ, ఎంత బాగుందండీ! ఇందాక మీరు చెప్పింది ఈ పువ్వు గురించేనా? మీ ఆయన కుట్టారన్నారు?" అంది అమ్మతో.

నేను నోరు తెరిచాను. నేనే చెప్పాలి, ఆమాత్రం నేనే చెప్పాలి అనుకున్నాను.

"కాదండీ," అంది అమ్మ. "ఆయనది ఇప్పుడు లేదు. ఇది మా పెద్దమ్మాయి కుట్టింది."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. వెతికి వెతికి చూశాను, ఒక్క పిసరు కూడా లేదు. ఉంటే బాగుండునని ఈరోజుకీ అనిపిస్తుంది. ఆవిడ నా వైపు తిరిగి, మీ చెయ్యి బంగారమండీ అంటూ నా కుడిచెయ్యి పట్టుకుంది.